బొంతలో ఉడికిన పప్పు

గ్యాసు బండ అంటే ఏందో మా పల్లెకు తెలియని రోజులవి. ఇప్పుడు మా ఇంట్లో స్టవ్వు మంట పెంచాలంటే కోడండ్లు ముందు నా ముఖం చూస్తారు. అప్పుడు వంటింటి పెత్తనం మా అత్తది. పొయ్యిలోకి ఒక్క పత్తికట్టె కావాలన్నా ఆమె చేతి మీదుగా రావాల్సిందే. ఆ ఏడు సర్కారు జీపు ఊరూరా తిరిగి మైకులో చెప్పింది, ఇంధనం ఆదా చేయండి, గిన్నె మీద మూత పెట్టండి, ముందుగానే మంట ఆర్పితే మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది అని. (మూడో తరగతితో బడి మానినదాన్ని, ఇంధనమనే మాట ఆ మైకులోనే మొదట విన్నాను.) ఎమ్మిగనూరు బడిలో ఆడోళ్లకు పోటీ గూడా పెట్టినారు. తలా ఒక వత్తుల స్టవ్వు, కొలిచి పోసిన కిరసనాయిలు, పావుసేరు కందిపప్పు, ముప్పావు గంట గడువు. పప్పు ఉడికి, ఎవరికి ఎక్కువ నూనె మిగిలితే వాళ్లకు ప్రెషర్ కుక్కరు.

"నువ్వు కుక్కరు గెలుచుకొస్తే వంటిల్లు నీకే ఇడుస్తా," అనింది అత్త, నేను గెలవనని గట్టి నమ్మకంతో. ఆ నమ్మకం చాలక తానూ వెంట వచ్చింది.

నేనేమో పప్పు తెర్లి పొంగంగానే స్టవ్వు ఆర్పి, ఇంటి నుంచి తెచ్చిన బొంతను గిన్నెకు చుట్టేసినాను. "పసిబిడ్డ ఏమి తల్లీ, సలి పెడతాదా?" అనింది పక్క స్టవ్వామె. అందరూ నవ్వినారు. గడువు అయినాక కొలిస్తే అందరికంటే నా నూనే ఎక్కువ. కుక్కరు నా సంకలో ఉన్నట్టే అనిపించింది. అంతలో ఆఫీసరు బొంత విప్పి రెండు బద్దలు నోట్లో వేసుకున్నాడు. టక్కుమనింది.

"ఉడికిందా అమ్మా ఇది?"

"ఉడికింది సార్."

"అయితే నువ్వు తిను."

అత్త చూస్తాంది. గరిటెడు తిన్నాను. (గులకరాళ్లు నమిలినట్టే ఉండింది.) "బాగుంది సార్," అన్నాను. కుక్కరు పక్క స్టవ్వామెకు పోయింది.

గిన్నెకు మళ్లీ మూత పెట్టి, బొంత చుట్టి, ఒళ్లో పెట్టుకొని బస్సు కోసం కూర్చున్నాను. బస్సు ఎప్పటికో వచ్చింది. దారిపొడుగునా అత్త కిటికీలోంచి బయటికే చూసింది. తిట్టింటే బాగుండు. ఇల్లు చేరినాక ఆమే బొంత విప్పి, ఒక బద్దను వేళ్ల మధ్య నొక్కింది. వెన్న మాదిరి నలిగింది. ఇంకొకటి నొక్కింది. "ఉడికింది కదే," అనింది. నా దిక్కు తిరిగి, "రేపట్నుంచి కట్టెలకు నన్ను అడగొద్దు, నువ్వే తీసుకోపో," అనింది.

ఈపొద్దు నా నోటికి ఇల్లంతా జడుస్తాది. ఆ రోజు మాత్రం "ఇంకో గంట ఆగండి సార్" అనే ముక్క నోటికి రాలేదు. ఇప్పటికీ పప్పుగిన్నెకు బొంత చుట్టేటప్పుడు, పండ్లు విరుగుతాన్నా "బాగుంది సార్" అన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. కోడండ్లు చూడకుండానే.