బాపమ్మ చుక్క పెట్టిన బుష్‌లు

మొన్న అక్కల్‌కోట్ రోడ్డు మీది గ్యారేజీలో మెకానిక్ కుర్రాడు నా పాత కారు కిందినుంచి జారి బయటికొచ్చి, "అక్కా, ఎనుక బుష్‌లు ఖరాబయినయ్" అన్నాడు. నేను చేసిన మొదటి పని అతని మొహంలోకి అనుమానంగా చూడటం. రెండో పని, పాతవి విప్పి నా చేతిలో పెట్టమనడం. పెట్టాడు. అరిగి, అంచులు పగిలిన నల్ల రబ్బరు ముక్కలు. ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఈవిడకేమైనా పిచ్చా అన్నట్టు చూశాడు. చూడనీ! రబ్బరు, దుమ్ము, తుప్పు కలిసిన ఆ వాసన నన్ను తిన్నగా భవాని పేట్‌లోని మా ఇంటి గుమ్మం ముందుకు తీసుకుపోయింది.

ఎనభైలు ముగుస్తున్న రోజులు. మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్ల పేట మాది. మా ఇల్లంటే ముందొక గది, వెనకొక షెడ్డు. షెడ్డులో పొద్దున్నే మొదలైన మరమగ్గాల చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. ఆ చప్పుడులోనే చదువుకున్నాం, పోట్లాడుకున్నాం, నిద్రపోయాం, అందుకే ఇప్పటికీ మావాళ్లు ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు దాన్ని చెవికి దూరంగా పట్టుకుంటారు. వెనకనుంచి గంజి, పచ్చినూలు, మగ్గాల నూనె వాసన వచ్చేది. ముందు గదిలో నీళ్లు చల్లి మెత్తబరిచిన తునికాకు, పొగాకు ఘాటు. మధ్యాహ్నమయితే వీటన్నిటినీ తోసుకుంటూ జొన్నరొట్టె, పల్లికారం. ఎండాకాలంలో ఆకు చుట్టిన తడిగుడ్డ చల్లదనం కోసం నేను బాపమ్మ చేట పక్కనే పడుకునేదాన్ని.

బాపమ్మ అంటే మా నాన్న తల్లి. నాన్నను మేం బాపు అనేవాళ్లం. గోనెపట్టా మీద గోడకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని జీవితమంతా బీడీలు చుట్టింది. కంపెనీలో బీడీలు పరీక్షించేవాడు ఆమె చుట్టినవాటిని నొక్కి, వంచి, "ఛాట్" అని నచ్చనివి విరిచి పారేసేవాడు. ఆ అవమానాన్ని ఆమె లోకం మీద తీర్చుకునేది. పాలవాడి చెంబులో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేది. నిమ్మకాయ నొక్కేది, చింతపండు విప్పేది, పెళ్లిచూపులకొచ్చిన పిల్లవాడి చెప్పుల అడుగు తిరగేసి చూసిన మనిషి మా బాపమ్మ. ఆమెకు నచ్చనిదేదయినా, మనిషయినా సరే, ఛాట్.

అలాంటి ఇంటికి ఒక దసరా ముందు తెల్ల అంబాసిడర్ వచ్చింది. పెళ్లిళ్లకూ తుల్జాపూర్ మొక్కులకూ కిరాయికి తిప్పుదామని బాపు ఆశ. దాన్ని వెతికి తెచ్చినవాడు మా అమ్మ తమ్ముడు రాజేశం మామ. నీలం నగర్‌లో ఉండేవాడు, డ్రైవరు పని చేసేవాడు. మగ్గాలకు పూజ చేసిన చేత్తోనే కారుకూ బొట్టుపెట్టి, సద్దుల బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద నోట్లో వేసుకుంటూ మామ అన్న మాట నాకింకా గుర్తే: "బావా, ఎనుక బుష్‌లన్ని కొత్తయి ఏయించిన. రెండేండ్లదాంక సూసే పనిలేదు." బుష్ అంటే పెద్ద వస్తువేం కాదు. కారు వెనక భాగం బరువు మోసే కమాను పట్టీల చివర గుండ్రని ఇనుప కన్నుంటుంది. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా అందులో కూర్చునే రబ్బరు కట్టు.

బాపు మగ్గం మనిషి. పొద్దున్నే పొడుగు ముక్కు నూనె డబ్బా పట్టుకుని మగ్గాలన్నిటికీ తిరిగి, ఎక్కడెక్కడ కీచుమంటుందో అక్కడక్కడ చుక్కలు వేసేవాడు. "మగ్గానికి నూనె, మనిషికి రొట్టె. గవి అందినయనుకో, రెండూ నోరెత్తయ్" అనేవాడు. కారు వచ్చాక ఆ డబ్బా షెడ్డు దాటి గుమ్మంలోకి కూడా వచ్చింది. పిల్లకు తలంటినంత ప్రేమగా వెనక కమాన్లన్నిటికీ నూనె పట్టించేవాడు.

ఎండలు ముదిరేసరికి కారు వెనకనుంచి ధడ్‌ధడ్‌మని చప్పుడు మొదలైంది. మలుపు తిరిగితే తోక ఊపినట్టు పక్కకు జారేది. కిరాయికి ఎక్కినవాళ్లు మధ్యలోనే దిగిపోతామనేవారు. బాపమ్మ ఇక ఊరుకుంటుందా! మామ వచ్చిన రోజున, అమ్మ అతని ముందు సర్వపిండి పెట్టిన నిమిషానే అడిగేసింది.

"కొత్తయి ఏసిన అంటివి. ఏసి మాకు సూపెట్టినవా? కొత్తయి పీకి అమ్ముకొని, పాతయి తగిలిచ్చినవ్. తిన్నింటి వాసాలు లెక్కవెట్టే రకం నువ్వు!"

మామ బాపు వైపు చూశాడు. బాపు కారు వైపు చూశాడు. మామ తుంచిన ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టి, "అక్కా, పోయొస్త" అని వెళ్లిపోయాడు. అమ్మకు పుట్టింటి తరఫున మిగిలింది ఆ ఒక్క తమ్ముడే. అతను దొంగ అయితే ఆ ఇంట్లో ఆమెకు తలెత్తుకునే చోటు లేదు. ఆ రోజు అమ్మ రొట్టె ముట్టలేదు.

గ్యారేజీకి బాపమ్మ ఒప్పుకోలేదు, అక్కడ మిగిలిన సామాను కూడా మారుస్తారని. మన గుమ్మం ముందు, నా కళ్లముందు కావాలంది. ఆటో ఎక్కి దుకాణానికి తనే పోయి, ఒక్కో బుష్‌ను బీడీని నొక్కినట్టు నొక్కి, వాసన చూసి, సగం ఛాట్ చేసి, మిగిలినవి కొంగున కట్టుకుని వచ్చింది. అక్కడితో ఆగిందా? దబ్బనం కాల్చి, ఒక్కోదాని అంచున చిన్న చుక్క పెట్టింది, ఎవరూ మార్చకుండా!

బాపు జాకీతో కారు లేపి, కింద బండరాళ్లు పేర్చి, చినిగిన చద్దర్ పరుచుకుని దూరాడు. తుప్పుపట్టిన బోల్టులు సుత్తి దెబ్బలకు గానీ కదలలేదు. పాత బుష్‌లు ఉబ్బి, జిగటగా, మెత్తటి ముద్దల్లా ఊడివచ్చాయి. "సూసినవా, గివేనా కొత్తయి?" అని బాపమ్మ వాటిని అమ్మ కాళ్ల ముందు పడేసింది. అమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. సబ్బునీళ్లు పూసి కొత్తవి ఆ ఇనుప కన్నుల్లోకి జార్చి, కారును చక్రాల మీద దించాక బాపు బోల్టులు బిగించాడు. చప్పుడు పోయింది. మామ దొంగతనం రుజువైపోయింది. మర్నాడు పొద్దున బాపు నూనె డబ్బాతో మామూలుగానే గుమ్మంలోకి వచ్చాడు.

రాఖీ పున్నానికి మామ రాలేదు. అమ్మ పొద్దుగూకేదాకా పళ్లెం పట్టుకుని చూసి, ఆ రాఖీని కిటికీ చువ్వకు కట్టింది. వానలకు దాని రంగు గోడ మీదికి కారింది.

మళ్లీ దసరా వచ్చేసరికి మళ్లీ అదే చప్పుడు. ఈసారి బాపమ్మ అనుమానానికి మనిషే దొరకలేదు. వీధిలో పిల్లలందరినీ నిలదీసింది, నన్నూ వదల్లేదు. బాపు మళ్లీ కింద దూరి విప్పాడు. మళ్లీ ఉబ్బిన ముద్దలే. కానీ ఒక్కోదాని అంచున దబ్బనం చుక్క చెక్కుచెదరకుండా ఉంది. బాపమ్మ ఎన్నిసార్లు తిప్పి చూసినా చుక్క తనదే.

అప్పుడు అమ్మ లోపలికి పోయి, షెడ్డులో నూలు కండెలు చుట్టేటప్పుడు వేసుకునే రబ్బరు చెప్పు తెచ్చి వాటి పక్కన పడేసింది. నేల మీది నూనెలో నాని అది కూడా అలాగే ఉబ్బి, వంకర తిరిగి ఉంది.

"సూడుండ్రి. రబ్బరు నూనె తాగితె గింతే. దొంగ నా తమ్ముడు గాదు, మీ నూనె డబ్బ."

అత్త ముందు అమ్మ గొంతెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. బాపు డబ్బా కింద పెట్టి, చొక్కా వేసుకుని నీలం నగర్ నడిచిపోయాడు.

దీపావళి తర్వాత వచ్చే అక్కాతమ్ముళ్ల పండుగ భావుబీజ్‌కు మామ వచ్చాడు. అమ్మకు చీర, సీతాఫలాలు తెచ్చాడు. అందరం హమ్మయ్య అనుకున్నాం. కానీ మామ అమ్మ దగ్గరికి పోలేదు. తిన్నగా బాపమ్మ ముందు కూర్చుని, చీర మడత విప్పి, పండ్లు ఒక్కొక్కటే చేట పక్కన పెట్టి, "సూస్కో అత్తా" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. బాపమ్మ తల తిప్పుకుని, "నాకెందుకు సూపిస్తవ్ కొడుకా, నీ అక్కకియ్యి పో" అంది. అయినా ఆమె బతికినన్నాళ్లూ మామ ఏం తెచ్చినా, జామకాయలయినా సరే, ముందు ఆమెకు చూపించాకే అమ్మ చేతిలో పెట్టాడు. అది చూసినప్పుడల్లా అమ్మ కళ్లు నిండేవి. బాపమ్మ పోయిన ఏడాది భావుబీజ్‌కు కూడా మామ చీరతో ఆ గోనెపట్టా దాకా వెళ్లి, వంగబోయి, ఆగిపోయాడు.

ఇప్పుడు ఆ పట్టా లేదు, మామా లేడు. మగ్గాలు తుక్కుకింద పోయాయి, షెడ్డు ఎవరిదో గోదాము, వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే నాకక్కడ నిద్రపట్టదు.

గ్యారేజీ కుర్రాడు కొత్త బుష్‌లను అరచేతిలో పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "సూస్కో అక్కా" అన్నాడు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి లాక్కున్నాను.

"నాకెందుకు సూపిస్తవ్ తమ్మీ, ఏసెయ్" అన్నాను.

అతను కారు కిందికి దూరాడు. వేళ్లకంటిన నలుపు కొంగుకు తుడుచుకుంటూ, పని అయ్యేదాకా నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను.