రికార్డుకు పెట్టిన బొట్టు

పోయిన నెల ఒక ఉదయం జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. "బాబాయ్, మా నాయిన పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కూలర్ మోటర్ ముందటేస్కొని కూసున్నడు. కూసున్నకాడనే పోయిండు" అన్నాడు ఏసీ అన్న కొడుకు. నేను "అలాగా నాయనా" అన్నాను. నాకు మొదటి నుంచీ మాటలు తక్కువ. ఆ రోజు లెక్కల పుస్తకంలో తారీఖు మాత్రం వేసి, కింద ఏమీ రాయకుండా మూసేశాను.

తొంభైలలో ఖతార్‌లోని మెసయీద్‌లో పనిచేసిన తెలుగువాళ్ళలో కొందరికైనా ఆయన గుర్తుండాలి. ఫ్యాక్టరీల ఇంజినీర్లు ఉండే కంపెనీ క్వార్టర్లలో ఏసీలు బాగుచేసేవాడు. అందుకని మా క్యాంప్‌లో అందరికీ ఏసీ అన్నే. నేను అదే కాంట్రాక్టులో స్టోర్స్ చూసేవాణ్ణి. మాది తణుకు దగ్గర. పదో తరగతి దాటలేదు. లెక్కలు రాయడం సొంతంగా నేర్చుకున్నాను. గ్యాస్ సిలిండర్లు, మోటార్లు ఎవరికి ఇచ్చానో రాయడం నా డ్యూటీ. ఆయన నన్ను "లెక్కల తమ్ముడా" అని పిలిచేవాడు.

ఆయన గురించి చెప్పాలంటే ఒక జర్మన్ పాటల బృందం గురించి చెప్పాలి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆ బృందంలోని నలుగురూ వీణలూ తబలాలూ పక్కనపెట్టి కరెంటు యంత్రాలతోనే పాటలు కట్టారు. ప్రపంచంలో ఆ పని మొదట చేసినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారని తర్వాత తెలిసింది. మాకు తెలిసిన విధం వేరు.

ఒక జర్మన్ ఇంజినీరు ఇంట్లో ఏసీ చల్లగా రావడం లేదని ఫిర్యాదు వచ్చింది. అన్న వెళ్ళాడు. లోపలి నుంచి టక్ టక్ టక్ అని ఒకే తీరుగా చప్పుడు. కంప్రెసర్ కొట్టుకుంటోందని తేల్చేసి, గంటసేపు కష్టపడి ఏసీ మొత్తం విప్పి నేల మీద పరిచాడు. కరెంటు తీసేసిన ఏసీ ముక్కలుగా పడి ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు. పక్క గదిలోంచి వస్తోంది. అక్కడ గ్రామఫోన్ మీద నల్లటి రికార్డు తిరుగుతోంది, దాని ముందు జర్మన్ సార్ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అన్న స్టోర్‌కి వచ్చి కూలబడ్డాడు.

"లెక్కల తమ్ముడా, ఇయ్యాల నేను పాటను రిపేర్ చెయ్యనీకి పోయిన."

"మరి బాగైందా?"

"పాట మంచిగనే ఉన్నది. నా ఇజ్జతే పోయింది. గా సార్ నవ్వి నవ్వి సోఫా మీదికెల్లి పడ్డడు."

ఆ రోజు నుంచి కొత్తగా వచ్చిన హెల్పర్లందరికీ ఆయన చెప్పే మాట ఒకటే: "ముందు విను. తర్వాత విప్పు." ఏసీ ముందు నిలబడి చెవి ఆనించి, చెయ్యెత్తి అందరినీ ఊరుకోమని, అప్పుడు స్క్రూడ్రైవర్ తీసేవాడు.

ఆ తర్వాత ఆగస్టులో కువైట్ గొడవ మొదలైంది. విదేశీ ఇంజినీర్లు కొందరు కుటుంబాలతో సహా వెళ్ళిపోయారు. జర్మన్ సార్‌కీ పిలుపు వచ్చింది. ఆయన ఇల్లు మూస్తే కరెంటు తీసేస్తారు. ఆ వేడికి రికార్డులు అప్పడాల్లా వంగిపోతాయి. ఆ బృందం చేసినవన్నీ, మొదటిది మొదలుకొని, ఆయన దగ్గర ఉన్నాయి. అందులో తొలి రోజుల రికార్డులను ఆ బృందమే మళ్ళీ అచ్చు వేయడం మానేసిందట. పోతే మళ్ళీ దొరకవు. మెసయీద్‌లో చల్లదనం ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలుసు. పెట్టెనూ గ్రామఫోన్‌నూ తెచ్చి అన్న చేతికిచ్చాడు. వేడి తగలకూడదు, పడుకోబెట్టకూడదు, నిలువుగానే ఉంచాలి, కావాలంటే వినొచ్చు, కానీ తాను తిరిగొచ్చేసరికి ఇలాగే ఉండాలి అన్నాడు. అన్న గుండె మీద చెయ్యి పెట్టుకుని "మేరా జబాన్ సార్" అని మాటిచ్చాడు.

మా స్టోర్‌లో మోటార్ల కోసం ఒక ఏసీ ఉండేది. పెట్టె అక్కడ చేరింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం ముగ్గురం అక్కడ చేరేవాళ్ళం: అన్న, నేను, మెస్‌లో వండే కడపాయన. అన్న సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, రికార్డును అంచులతో పట్టుకుని పెట్టేవాడు. పొద్దున్నే గ్రీజులో మునిగిన చేతులు అవేనా అనిపించేది.

వరుస తప్పనిచ్చేవాడు కాదు. మొదటివాటిలో యంత్రాల మధ్య ఇంకా పిల్లనగ్రోవి వినిపించేది. "ఇంక ట్రైనింగ్‌ల ఉన్నరు" అనేవాడు. ఆ తర్వాతి రికార్డులో ఒక పక్కంతా ఒకే పాట, కారు స్టార్టయి రోడ్డెక్కి పోతూనే ఉంటుంది. కడపాయనకు ఓపిక నశించేది.

"యాడికి పోతాండాదప్పా ఈ కారు? దోహా దాటె, సౌదీ బార్డరూ దాటె. పెట్రోలైనా అయిపోదా?"

"నీ బిర్యానీ ఉడికేదాక మేం ఊకుంటలేమా? నువ్వు గూడ ఊకో."

రైలు మీద చేసిన రికార్డు అన్నకు ప్రాణం. పట్టాల చప్పుడు రాగానే కళ్ళు మూసుకుని "కాజీపేట దాటింది" అనేవాడు. ఇంకొక దాని అట్ట మీద నలుగురూ ఒకేలాంటి ఎర్ర చొక్కాలు, నల్ల టైలు వేసుకుని నిలబడి ఉంటారు. దాన్ని చాలాసేపు చూసి, "యూనిఫాం మంచిగిచ్చిండ్రు. ఏం కంపెనీనో మరి" అన్నాడు. లెక్కలు చేసే మిషన్ టిక్కుటిక్కుమనే పాట ఒకటుంది. అది రాగానే నా భుజం తట్టి, "లెక్కల తమ్ముడా, నీ పాటొచ్చింది" అనేవాడు. నా పని మీద పాట కట్టినవాళ్ళు లోకంలో ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరికీ చెప్పలేదు గానీ, సంతోషపడ్డాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఏసీ అన్న కాపలా కాస్తున్న ఏసీయే ఆగిపోయింది. స్పేర్ దోహా నుంచి రావాలి. గది నిమిషాల్లో పొయ్యిలా మారింది. ఆయన పెట్టెను నెత్తిన పెట్టుకుని మెస్ వైపు పరుగు తీశాడు. వెనక గ్రామఫోన్‌తో నేను. కడపాయన కోల్డ్ రూమ్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఒరే నాయనా, లోపల మటన్ ఉండాది, చేపలుండాయి! యాడ పెట్టేది?"

"చేపల పక్కన పెట్టు. కానీ నిలబెట్టు. పండుకోబెడితే ఊకోను."

మరుసటి రోజు స్పేర్ వచ్చేదాకా ఆ జర్మన్ నలుగురూ వంజరం ముక్కల పక్కన నిలబడే ఉన్నారు. పాటలకేం కాలేదు. అట్టలకు మాత్రం వాసన అంటుకుంది.

ఇంతలో దసరా వచ్చింది. అక్కడ పండుగ అంటే తలుపు వేసుకుని, చప్పుడు లేకుండా చేసుకునేది. ఆయుధ పూజ నాడు అన్న స్టోర్‌లో తన స్పానర్లు, గేజీలు, గ్యాస్ కట్టర్ గుడ్డ మీద పేర్చి బొట్లు పెట్టాడు. నా కాలిక్యులేటర్‌కూ పెట్టాడు. నేను తిరిగి స్టోర్ తాళం వేయడానికి వచ్చేసరికి, గ్రామఫోన్‌కు బొట్టు ఉంది. పెట్టెలోని ప్రతి రికార్డు నడుమ ఉండే గుండ్రటి కాగితం మీద, తడిపిన కుంకుమతో ఒక్కొక్క చుక్క ఉంది.

అన్నను పిలిచాను. "అన్నా, ఇవి మనవి కావు కదా! ఆయన ఇలాగే ఉంచమన్నాడు కదా!"

"యంత్రాల పండుగ తమ్ముడా. గివి యంత్రాల పాటలు. స్పానర్‌కు పెట్టి గీటికి పెట్టకపోతే ఎట్ల? గీతల మీద పెట్టలే, కాయితం మీదనే పెట్టిన" అన్నాడు. అని, ఒక రికార్డు వైపు చూశాడు. తడిగుడ్డతో తుడవబోయాడు. ఎరుపు ఇంకా పాకింది. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో రంగు మారడం చూశాను. "జబాన్ ఇచ్చిన గదా" అన్నాడు మెల్లగా.

ఆ చలికాలమంతా యుద్ధం వార్తల మధ్య ఆయనకు ఇంకొక భయం ఉండేది. జర్మన్ సార్ రాడేమోనని కాదు, వస్తాడేమోనని. "పైసలైతే కట్టుకుంట. మాటను ఏడ తెచ్చి కట్టాలె?" అనేవాడు.

ఎండలు ముదరకముందే సార్ వచ్చాడు. పెట్టె మోసుకుని అన్న వెళ్ళాడు, తోడుగా నన్ను లాక్కెళ్ళాడు. సార్ మొదట ఒక అట్ట ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. "ఫిష్?" అన్నాడు. అన్న తల వంచుకున్నాడు. సార్ రికార్డు బయటికి తీశాడు. ఎర్ర చుక్క. ఇంకొకటి తీశాడు. ఎర్ర చుక్క.

అన్నే నోరు విప్పాడు. వచ్చిన హిందీ, వచ్చిన ఇంగ్లీషు కలిపి చెప్పాడు. "సార్, ఇండియా మే మెషీన్ కా పూజా. మై స్పానర్, మై గేజ్, ఆల్. యువర్ మ్యూజిక్ ఆల్సో మెషీన్. సేమ్ రెస్పెక్ట్. గల్తీ హోగయా సార్."

సార్ రికార్డును గ్రామఫోన్ మీద పెట్టి తిప్పాడు. చుక్క తిరిగింది, తిరిగి తిరిగి ఎర్రటి వలయమైంది. నల్లటి రికార్డు నడుమ సన్నటి ఎర్రటి గుండ్రం, కదలకుండా నిలబడ్డట్టు. ఆయన వంగి దాన్నే చూశాడు, పాట ఒక పక్క పూర్తయ్యేదాకా చూశాడు. ఆ తర్వాత రికార్డు తిరగేసి, ముఖం చిట్లించాడు.

"ఈ పక్కన ఎందుకు లేదు?"

అన్న ఆశ్చర్యపోయాడు. "సార్, బొట్టు ఫేస్ పే. బ్యాక్ పే ఎవరు పెడతరు?" ఆఖరి ముక్క తెలుగులోనే వచ్చేసింది.

నవ్వి నవ్వి సోఫా మీద నుంచి సార్ పడటం ఈసారి నేను కళ్ళారా చూశాను.

ఆ తర్వాత ప్రతి దసరాకూ అన్నకు ఆ ఇంటి నుంచి పిలుపు వచ్చేది. మొదటి ఏడాదే ఒక కొత్త రికార్డు బొట్టుకు సిద్ధంగా ఉంది. విని చూస్తే పాత పాటలే మళ్ళీ చేశారు. "పాత మిషన్ల కొత్త గ్యాస్ కొట్టిండ్రు. మంచిగనే చల్లగొస్తున్నది" అని పాస్ చేశాడు అన్న. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ బృందం కొత్త రికార్డు వెయ్యనే లేదు. ప్రతి ఏడూ అడిగేవాడు. సార్ తల అడ్డంగా ఊపేవాడు. "రిపేర్ల ఉండి ఉంటరు. తొందరపెట్టొద్దు" అనేవాడు అన్న. ఏ ఏసీ విషయంలోనూ ఎవరినీ తొందరపెట్టనివ్వని మనిషి, వాళ్ళనూ తొందరపెట్టలేదు.

సార్ శాశ్వతంగా వెళ్ళిపోయేటప్పుడు రైలు రికార్డు అన్నకిచ్చేశాడు. మిగతావి పెట్టెలో సర్దుకుంటూ, బొట్లు చెరగకుండా మధ్యలో పల్చటి కాగితాలు పెట్టుకున్నాడు.

అన్న పోయిన పదకొండో రోజుకు నేను జగిత్యాల వెళ్ళాను. ఖతార్ నుంచి వచ్చాక అన్న పెట్టుకున్న కూలర్ల షాపు చూపించాడు కొడుకు. బల్ల మీద టేబుల్ ఫ్యాన్ మోటార్‌తో తిరిగేలా చేసిన ఒక పళ్ళెం, దాని మీద రైలు రికార్డు. ఏటా దసరాకు బొట్టు మీద బొట్టు పెట్టగా, కాగితం మీది అక్షరాలు కనబడటం లేదు.

"సూది లేదు బాబాయ్. పాట రాదు. నాయిన ఊకె తిప్పుకుంట చూసెటోడు. నేను మోటర్ విప్పి వేరేదానికి పెడదామనుకున్న."

నేను చెయ్యెత్తి ఊరుకోమన్నాను. అతను స్విచ్ వేశాడు. చుక్క కదిలింది, సాగింది, ఎర్రటి వలయమై నిలబడింది. షాపులో ఇంకే చప్పుడూ లేదు. మోటార్ మాత్రం ఒకే తీరుగా టక్ టక్‌మంటోంది. నేను చెవి దగ్గరగా పెట్టాను. కాజీపేట దాటింది.