ఒంట్లో మెగ్నీషియం లేదన్నారు

“గా గ్యాస్ గోలీలు యాడ వెట్టినవే?” అన్నాడు మా ఆయన, చెప్పులు వేసుకుంటూ.

“పారేసిన. డాక్టర్ సారు వద్దన్నడు గదా,” అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. గోలీ కొనుక్కోవడానికి వీధి చివరి మందుల దుకాణానికి నడిచి, అక్కడి మెట్ల మీదే కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. నా కొడుకు చదవాలని ఇది రాయిస్తున్నాను.

పటాన్‌చెరులో ఇనుము కరిగించే కంపెనీలో, కొలిమి దగ్గర ఆయన పని. ఒళ్లంతా చెమట, ఖాళీ కడుపులో చాయ్ మీద చాయ్. కడుపు మండితే గ్యాస్ గోలీ. ఏళ్ల తరబడి, పొద్దున పళ్లు తోముకున్నట్టే అదీ వేసుకునేవాడు. ఏ డాక్టరూ రాసింది కాదు. కంపెనీలో అందరి జేబుల్లోనూ ఉండేది.

తర్వాత పిక్కలు పట్టేయడం మొదలైంది. నిద్రలో కేక పెట్టి లేచేవాడు. నేను ఆముదం రాసి పిసికేదాన్ని.

“పెండ్లినాడు నా చెయ్యి కూడ గింత గట్టిగ వట్టుకోలేదు గదనే,” అని నవ్వేవాడు.

“నోరు మూసుకొని కాలు సాపు.”

ఒకరోజు చేతివేళ్లు కూడా కొంకర్లు పోయాయి. అప్పుడు నవ్వలేదు.

సంగారెడ్డిలో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, మెగ్నీషియం బాగా తగ్గిందన్నాడు.

“గదేంది సారూ?” అన్నాను.

“అదొక ఖనిజం అమ్మా. ఆకుకూరల్ల, జొన్నల్ల, నువ్వుల్ల, పప్పుల్ల ఉంటది. అది తగ్గితే కండరాలు పట్టేస్తయి, గుండె కూడా దారి తప్పుతది. ఏండ్లకేండ్లు గ్యాస్ గోలీ వేస్తే, తిన్నదాంట్ల ఉన్నది కూడా సరిగ ఒంటికి పట్టదు. బంద్ చేయండి.”

మెగ్నీషియం బిళ్లలు రాశాడు. వాటితో విరేచనాలు పట్టుకున్నాయి. కొలిమి వదిలి మాటిమాటికీ వెళ్తే సూపర్‌వైజరు ఊరుకుంటాడా? కొద్ది రోజులకే ఆ బిళ్లలు మానేశాడు.

ఇక తిండే దిక్కనుకుని సంతకు వెళ్లాను. తోటకూర కట్ట పట్టుకుని, “ఏ నీళ్లతోని పండిచ్చినవమ్మా?” అని అడిగాను.

“కంపెనీల వెనక వాగు నీళ్లే. నీ కోసం గంగను దెస్తరా గీడికి?” అంది కూరలామె.

కొన్నాను. ఆయన ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని, “మా కంపెనీ కాల్వ వాసనే,” అని పళ్లెం జరిపేశాడు. బలవంతం చేయడానికి నాకూ నోరు రాలేదు. మందు ఆ ఆకులోనే ఉందట, విషమూ అందులోనే ఉందేమో. ఎవరిని అడగను? జొన్నరొట్టెలు చేశాను, నువ్వుల పొడి నూరాను. ఏది తిన్నా కడుపు మంట, మంటకు మళ్లీ గోలీ. అందుకే పారేశాను. పారేయకపోతే బతికేవాడా అంటే, ఆ ముక్క ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కొలిమి దగ్గరే నా కొడుకు. వాడి జేబులోనూ అదే గోలీ. మొన్న నిద్రలో పిక్క పట్టుకుని మూలిగాడు. ఒక్కసారి రక్తం చూపించుకోరా అన్నాను.

“గ్యాస్ గోలీతోని ఎవడన్న సస్తడానే అమ్మా? బాపు పోయినకాడి నుంచి నీ దిమాక్ కరాబైంది,” అన్నాడు.

నా మాట వాడి చెవికెక్కదు. ఎక్కుతుందన్న ఆశా పోయింది. కాగితం మీదైతే ఒకసారి చూస్తాడేమోనని, మా అన్న బిడ్డను కూర్చోబెట్టి ఇదంతా చెబుతున్నాను.

ఇగ చాలు బిడ్డా. జెర మొదటి నుంచి సదువు, నేనింట. యాడన్న తిట్టినట్టు ఉంటే చెప్పు, తీసేద్దాం. తిట్లు కనవడితే వాడు సగంల పారేస్తడు.