తోరా చదవనివ్వని ఫాన్ని

బొత్తాల కొట్టు ఫాన్ని రోయత్మన్ నోటికి జడవని మనిషి విల్యా క్రెస్పో పేటలో లేడు. పొద్దున పేపరు చదువుతూ మంత్రుల్ని తిట్టేది. సాయంత్రం యూదుల ధర్మశాస్త్రం తోరా చదువుతూ మోషే ప్రవక్తని కూడా వదిలేది కాదు. ఆవిడ తండ్రి దర్జీ. కుట్టుమిషను బల్ల మీద ఒక పక్క పేపరు, ఇంకో పక్క ధర్మశాస్త్రం పెట్టుకుని రెండూ ఒకే గొంతుతో పైకి చదివేవాడు. రెండింటిలోనూ ఉన్నది ఎవరు ఎవరిని ఏలాలన్న గొడవేనని ఫాన్ని చిన్నప్పుడే తేల్చేసుకుంది. ఆ తర్వాత ఎవరెన్ని చెప్పినా ఆ అభిప్రాయం మార్చుకోలేదు.

తోరాను ఒంటరిగా కాదు, జతగా చదవాలంటారు. ఆవిడకు జత సాలొమోన్ వైస్, గడియారాలు బాగుచేసి బతికిన ముసలాయన. ఫాన్ని కార్మిక యూనియన్ల మనిషి. ఆయనేమో యూనియన్ పేరెత్తితే చాలు, మండిపడతాడు. ప్రతి గురువారం సమాజమందిరం వెనక గదిలో మాతే ఆకు టీ తాగుతూ ఇద్దరూ తోరాలో ఆ వారానికి వచ్చిన భాగం చదివేవారు. చదివేవారంటే మర్యాదకి, నిజానికి పోట్లాడుకునేవారు.

ఆ చలికాలం ఎన్నికల వేడిలోనే, మోషే మీద తిరగబడ్డ కోరహు కథ చదివే వారం వచ్చింది.

“అందరం సమానమే కదా, మా మీద నీ పెత్తనమేంటని అడిగాడు. తప్పేముంది?” అంది ఫాన్ని.

“అడిగింది జనం కోసం కాదే తల్లీ, కుర్చీ కోసం! మీ యూనియన్ నాయకుడూ అంతే!” అన్నాడు సాలొమోన్.

కేకలు పక్క వీధి దాకా వినబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే మందిరం కమిటీ పెద్ద మౌరిసియో కొట్టుకొచ్చాడు. “పిన్నీ, నీకు పీడ వదిలించాం. ఆ సాలొమోన్‌ని ఇక మందిరానికి రావద్దన్నాం. పేటంతా ఒక దారైతే ఆయనదొక దారి. నీకు జతగా మంచావిణ్ణి చూశాంలే, నువ్వేమన్నా ఎదురు చెప్పదు.”

ఫాన్నికి ఒళ్లు మండింది. “ఎదురు చెప్పనివాళ్లే కావాలంటే కొట్టునిండా ఇన్ని బొత్తాలున్నాయి కదరా!”

“నీ మంచికే పిన్నీ.”

“నా మంచి నీకెప్పుడు అప్పజెప్పాను?”

అతను నవ్వేసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే కోరహు కథ తెరిచింది. ఏ వాక్యం చదివినా అది తన పక్షానే మాట్లాడింది. పేజీ తిప్పేకొద్దీ తనే గెలుస్తోంది. ఆవిడకు నిజంగా భయం వేసింది.

శనివారం, విశ్రాంతి దినం ఉదయం, మందిరం గురువు రబ్బీ డానియెల్ తోలు మీద రాసిన తోరా చుట్టను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫాన్ని లేచి వెళ్లి దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది. అన్యాయం జరిగినవాళ్లు తమ గోడు అందరూ వినేదాకా తోరా చదవడం ఆపించవచ్చన్న ఆచారం పూర్వం ఉండేదని తాతలు చెప్పేవారు. ఆపినవాళ్లను మాత్రం అక్కడెవరూ చూడలేదు.

“చదవనివ్వను. నాకు అన్యాయం జరిగింది,” అంది.

రబ్బీ ఒక అడుగు వెనక్కి వేశాడు. “వినాల్సిందే,” అన్నాడు.

“నీకేం అన్యాయం చేశాం?” అన్నాడు మౌరిసియో.

“నా తప్పు నా మొహాన చెప్పే ఒక్క మనిషినీ లాగేసుకున్నారు.”

“ఇక్కడ అందరం నీ వైపే కదా!” అన్నారెవరో వెనక వరసలోంచి.

“అందుకే నా భయం.”

జనం గొణిగారు, దగ్గారు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. చివరికి ఒకాయన, “రాత్రి పొయ్యి మీద పెట్టిన చిక్కుళ్లు ఇంట్లో బొగ్గవుతున్నాయి, ఆవిడ అడిగిందేదో ఇచ్చెయ్యండయ్యా!” అని అరిచాడు.

“సరే, గురువారం రమ్మంటాంలే,” అన్నాడు మౌరిసియో.

“గురువారం కాదు, ఇప్పుడే. వద్దన్నది నువ్వే కనక వెళ్లి పిలిచేదీ నువ్వే.”

గొణుక్కుంటూనే మౌరిసియో కోటు వేసుకుని బయల్దేరాడు. కాసేపటికి సాలొమోన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన తల కూడా దువ్వుకోలేదు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా ఫాన్ని దగ్గరికే వచ్చాడు.

“నా కోసం చేశావా ఇదంతా?”

“నా కోసం చేసుకున్నాను.”

“నిజం చెప్తాను ఫాన్నీ. నిన్ను గెంటేసుంటే నేను లేచేవాణ్ణి కాదు. పీడ వదిలిందని ఇంట్లో హాయిగా కూచునేవాణ్ణి.”

ఫాన్నికి మనసు కలుక్కుమంది. అయినా చుట్ట మీంచి చెయ్యి తీసి పక్కకు జరిగింది.

“తెలుసు,” అంది. “గురువారం రా. అలా హాయిగా కూచోవడం తప్పని నీతో ఒప్పించేదాకా వదలను.”