దేవుడు చూపించని చోటు

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోశాను. అది మోస్తూనే ప్రసంగాలు చేశాను, బాప్తిస్మాలిచ్చాను, చిన్న పాస్టర్లకు తగ్గింపు గురించి, అంటే వినయం గురించి, పాఠాలు చెప్పాను. మీరు నన్ను మెచ్చుకోవాలని ఇది రాయడం లేదు. ఏమనుకున్నా సరే.

యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో నేను పాస్టరును. మా సంఘంలో సుగుణమ్మ, ఆమె భర్త యోహాను ఉన్నారు. చాలా ఏళ్ల కిందట ఒక ఏడు వానల్లేవు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసేవాణ్ని పిలవడం విశ్వాసులకు తగదని నేనే బోధించాను. దాంతో బోరు ఎక్కడ వేయాలో ప్రార్థన చేసి చెప్పమని యోహాను నన్నే పొలానికి తీసుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం. ఎంత ప్రార్థించినా నాకేమీ తోచలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఎలా వస్తుంది? అయ్యగారికే దేవుడు పలకలేదని తెలిస్తే రేపటి నుంచి నా మాట ఎవరు వింటారు? నిలబడ్డ చోటే మడమతో గీత గీసి, "ప్రభువు ఈడనే చూపించినాడు" అన్నాను.

బోరు బండి వచ్చింది. సాయంత్రం దాకా తెల్లటి దుమ్మే లేచింది, చుక్క నీరు పడలేదు. అందరూ నా వైపు చూశారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "మీ ఇంట్లో ఎవరో దాచుకున్న పాపం అడ్డుపడుతోంది" అని యోహానుతో అన్నాను.

ఆ ఆదివారం సుగుణమ్మ లేచి నిలబడింది. బిడ్డకు జ్వరమొస్తే దర్గాలో తాయెత్తు కట్టించానని, తన వల్లే బోరు ఎండిందని ఏడ్చింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. సిగ్గుతో నాకూ కన్నీళ్లొచ్చాయి. దేవుని ముందు విరిగిన హృదయమంటే మా అయ్యగారిదే అని జనం పొగిడారు. కాదనలేదు. పొగడ్త తీయగానే ఉండింది. కానీ విరిగింది ఎవరు? ఆ రోజు నుంచి పొలం బీడుపడినా, కూలికి పోవాల్సి వచ్చినా యోహాను తప్పంతా ఆమెదేనన్నాడు.

చిన్న పాస్టర్లకు తగ్గింపు మీద మాట్లాడమని మొన్న మళ్లీ పిలిచారు. ఈసారి నా మీద నాకే అసహ్యం వేసింది. సుగుణమ్మ ఇంటికి పోయి ఉన్నదంతా చెప్పాను. చేట పక్కన పెట్టి వింది.

"అట్లయితే దేవుడు మీకు ఏమీ చూపించలేదా?"

"లేదమ్మా."

"నాకాడ చెప్తే ఏం లాభం అయ్యగారూ? నేను అందరి ముందర నిలబడితిని. మీరూ ఆడనే చెప్పండి."

సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. పాస్టరు పరువు పోతే సంఘం నిలవదన్నారు. "ఇన్నేళ్లు నిలిచింది ఆమె పరువు తీసే కదప్పా" అన్నాను. నన్ను తీసేయాలనుకుంటే తీసేయండి, నోరు మాత్రం మూయలేరని చెప్పి వచ్చాను.

ఆదివారం చెప్పేశాను. ఏడవలేదు. ఏడుపుతో జనాన్ని ఎలా కరిగించాలో నాకు బాగా తెలుసు, అందుకే ఏడవలేదు. క్షమించమనీ అడగలేదు. ఇద్దరు ముగ్గురు లేచి బయటికి పోయారు. పోనీ. చాలా ఏళ్ల తర్వాత నాకు ఊపిరి సరిగా ఆడింది, అంతే.

సుగుణమ్మ నా వైపు చూడనే లేదు. ఆడవాళ్ల చాప మీద నుంచి లేచి మగవాళ్ల వైపు తిరిగింది.

"ఇన్నావా, అయ్యగారు చెప్పింది?" అని మొగుణ్ని అడిగింది.

యోహాను తల వంచుకున్నాడు. ఆమె మళ్లీ అడిగింది, ఇంకా గట్టిగా.