చాచా రాసిన మూడు రకాల చుప్

మా కింది వాటా చాచా పోయారు. పోయిన గురువారం పొద్దున పాల ప్యాకెట్లు తెచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి మెట్ల మీద కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. చాచీ పైకి వచ్చి నా తలుపు తట్టి, "జెర కిందికి రా బేటా. మీ చాచా జవాబిస్తలేడు" అంది. ఆయన జవాబివ్వకపోవడం నేను అంతకుముందు ఒక్కసారే ఎరుగుదును. ఆ సంగతి తర్వాత చెబుతాను.

చాచా సికింద్రాబాద్‌లో ఒక సినిమా హాల్లో ముప్పై ఏళ్ళకు పైగా ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆ హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు. అటువైపు వెళ్ళాల్సి వస్తే ఆటోను చుట్టూ తిప్పించేవారు. ఆ హాల్లో జరిగిన ఏ పెళ్ళికీ ఆయన వెళ్ళలేదు, చాచీ చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా.

నాకు ఆయన పరిచయమైంది నా ఉద్యోగం వల్ల. సినిమాలను షాట్ల కింద విడగొట్టి, ఏది ఎంతసేపుంది, అందులో ఎవరున్నారు అని రాసుకునే పరిశోధకులు ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో తీరులో రాస్తారు. ఒకరి రాత ఇంకొకరి కంప్యూటరుకు ఎక్కదు. ఆ రాతలన్నిటినీ ఒక వరసలో పెట్టి, ఒకరిది ఇంకొకరికి పనికొచ్చేలా మార్చే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి నేను ఒక ప్రొఫెసర్ గారి కోసం రాస్తున్నాను. దాన్ని పరీక్షించడానికి ఒక వాన పాటను పొద్దుటి నుంచీ తిప్పి తిప్పి వేస్తున్నాను. మధ్యాహ్నం చాచా పైకి వచ్చారు.

"పొద్దటి సంది ఒకటే పాట ఇనవడుతుంది. రీలు గిట్ల ఇరికిందా బేటా?"

ఇరకలేదని చెప్పి కుర్చీ వేశాను. నా ప్రోగ్రాం ఆ పాటలో పద్నాలుగు కట్లు, అంటే షాట్ మారే చోట్లు, లెక్కపెట్టిందని గర్వంగా చూపించాను. ఆయన ఒక్కసారే చూశారు.

"పదమూడు. ఆ ఎనిమిదోది కట్ కాదు, మెరుపు."

నేను మూడుసార్లు లెక్కపెట్టాను. పదమూడే. తెర తెల్లబడగానే నా ప్రోగ్రాం షాట్ మారిందనుకుంది.

"ఏం పని బేటా ఇది?"

"లైబ్రరీ రాస్తున్నానండీ."

"లైబ్రరీ రాస్తరా? కడతరు గద."

నేను విడమరచి చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. విని, కిందికి వెళ్ళి, మేడ మీది పిల్ల లైబ్రరీ పెట్టిందని మా మెట్టుగూడలో సగం మందికి చెప్పారు. మర్నాడు ఎదురింటి రిటైర్డ్ రైల్వే గార్డు గారు పేపరు చదువుకోవడానికి వచ్చారు. ఇక్కడ లైబ్రరీ లేదంటే నమ్మలేదు, రేపు వస్తానన్నారు. మూడో రోజు కళ్ళజోడు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడేసరికి నాకు మనసొప్పక పేపరు వేయించుకున్నాను. ఆయన ఇప్పటికీ వస్తున్నారు.

ఆ తర్వాత చాచా రోజూ వచ్చి నా ప్రోగ్రాం తప్పులు పట్టేవారు. కొన్నాళ్ళకు, నామీద నమ్మకం కుదిరాక, చంకలో ఒక నోటు పుస్తకం పెట్టుకొచ్చారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ప్రతి సినిమాకూ రీలు వారీగా రాసుకున్నారట. కథ గురించి ఒక్క ముక్క లేదు. అంతా హాలు గురించే. మూడో రీల్లో ఈలలు. ఐదో రీల్లో పాట మొదలుకాగానే మగవాళ్ళు బీడీలకు బయటికి. ఆరో రీల్లో పిల్లల ఏడుపు, విలన్‌ను చూసి కాదు, హీరోను చూసి. హాలు నిశ్శబ్దంగా ఉన్నచోట 'చుప్' అని రాసేవారు. అందులో మూడు రకాలు. ఒకటి నిద్ర చుప్. రెండోది గొంతుల పడ్డ చుప్, ఏడుపు ఆపుకునేది. మూడోది కరెంటు చుప్, అంటే కరెంటు పోయాక ఈలలు షురూ అయ్యేదాకా ఉండే చుప్.

ఇలాంటి సమాచారం ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదని నాకు ఒళ్ళు పొంగింది. ఆయన ఒక్కొక్కటిగా తెచ్చిన పన్నెండు పుస్తకాలూ కంప్యూటరుకెక్కించి, నా లైబ్రరీతో మార్చి, ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. నా పట్టికలో 'ప్రేక్షకుల స్పందన: నిశ్శబ్దం' అని ఒకటే గడి ఉంది. మూడు చుప్‌లూ అందులో పడ్డాయి. చాచా చివరిదాకా విన్నారు. లేచారు. పన్నెండు పుస్తకాలూ ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయారు.

ఎనిమిది రోజులు మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురై సలాం చెబితే గోడకేసి చూసేవారు. చాచీ మాత్రం సేమ్యా పంపుతూనే ఉంది. ఏమైందని అడిగితే, "ఏమో బేటా. నువ్వు ఆయన రీలు కోసినవంట" అంది.

మా పనిలో ఒక పరీక్ష ఉంది. ఒక రాతను కొత్త రూపంలోకి మార్చి, మళ్ళీ పాత రూపంలోకి తెచ్చి, రెండూ ఒకటేనా అని చూడాలి. బద్ధకించి దాన్ని వదిలేశాను. ఎనిమిదో రోజు చేసి చూశాను. చాచా పుస్తకం తిరిగొచ్చింది, పేజీ నిండా నిశ్శబ్దం, నిశ్శబ్దం, నిశ్శబ్దం అని. ఏది నిద్రో, ఏది దుఃఖమో తెలియదు. ఆ కాగితం పట్టుకుని కిందికి వెళ్ళాను.

"తెలిసిందా?" అన్నారు.

"తెలిసింది చాచా."

"పోయింది పోయినట్టు తిరిగి రావాలె. రాకుంటే అది మార్చుడు కాదు బేటా, మింగుడు."

లైబ్రరీ సగం కొట్టేసి మళ్ళీ రాశాను. ఎవరి మాటను ఏ గడిలో పెట్టినా, వాళ్ళ సొంత మాట కూడా దాని వెంటే ఉండేలా. గడువు దాటింది. ప్రొఫెసర్ గారు ఫోన్ చేసి, "మూడు రకాల నిశ్శబ్దం ఏమిటండీ? నలుగురిలో నవ్వుతారు. తీసేయండి, లేకపోతే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం" అన్నారు. అయితే ఆ మాట చాచా ఎదుటే చెప్పమన్నాను. అలా ఆయన్ని కార్ఖానా అనే పేటలో ఉన్న ప్రొఫెసర్ గారి కాలేజీకి, విద్యార్థుల ముందు మాట్లాడించడానికి తీసుకెళ్ళాను. చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని ఆటో ఎక్కారు.

కాలేజీ హాల్లో ఒక అమ్మాయి లేచి, "సార్, మీ మెథడాలజీ ఏంటి?" అని అడిగింది. చాచా నావైపు చూశారు. మీ పద్ధతి ఏమిటని అడుగుతోందన్నాను.

"అందరు బొమ్మను చూసిన్రు. నేను అందరిని చూసిన. గంతే."

ప్రొఫెసర్ గారు సన్నగా నవ్వి, ఇది ఆసక్తికరమే గానీ శాస్త్రీయంగా చూస్తే, అని మొదలుపెట్టారు. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో వంద మంది ఒక్క క్షణం ఊపిరి బిగబట్టారు.

"గిది మూడోది" అన్నారు చాచా.

ఆ తర్వాత వచ్చినన్ని ఈలలు కాలేజీలో ఎప్పుడూ వినలేదని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. కరెంటు వచ్చేసరికి ప్రొఫెసర్ గారు కూడా నవ్వుతున్నారు. లైబ్రరీ విడుదలైంది. మూడు చుప్‌లూ అందులో ఉన్నాయి. చాచా అవి ఉన్న పేజీ ప్రింటు తీయించుకుని జేబులో పెట్టుకుని తిరిగేవారు. చదవమని మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు, నలుగుతుందని.

నిన్న చాచీ పైకి వచ్చింది. ట్రంకు పెట్టె అడుగున ఇంకో మూడు పుస్తకాలు దొరికాయట, ఆయన కొలువులో చేరిన కొత్తలో రాసినవి. నాకు ఎప్పుడూ చూపించనివి. "నాకు సదువు రాదు. ఏం రాసిండో చెప్పు" అంది.

చదివాను. మ్యాట్నీ. ఏడో రీలు. తల్లి చనిపోయింది. హాలంతా ఏడుస్తున్నారు. బాల్కనీలో ఒక్క ఆడమనిషి నవ్వు. పక్కన, 'ఎందుకు?' అని రాసుకున్నారు. పై వారం ఇంకో సినిమా. హీరోకు ఉరిశిక్ష. బాల్కనీలో మళ్ళీ అదే నవ్వు. 'గీమెకు ఏమైంది?' మూడు పుస్తకాల నిండా, దుఃఖం ఉన్న ప్రతిచోటా ఆ నవ్వు. ఆయన పెట్టిన ప్రశ్న గుర్తులు రానురానూ పెద్దవయ్యాయి.

చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది నేనే" అంది. "కొత్తగ పెండ్లయింది. మ్యాట్నీకి టిఫిన్ తెచ్చిచ్చి బాల్కనీల వెనక వరసల కూసుందును. ఆయనకు తినే టైము ఏడ ఉండె?"

"ఎప్పుడూ చెప్పలేదా?"

"ఆయన అడగలే. నేను చెప్పలే."

అందరూ తెరకేసి చూస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే, చాచీ ఒక్కతే కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చునేదట. వెనక ప్రొజెక్టర్ గది గోడలో చిన్న చదరపు కన్నం. అందులో మిషను వెలుగు పడ్డ కుర్రవాడి ముఖం. నోట్లో సగం రొట్టె. నమలడానికి తీరిక లేక, అలాగే పళ్ళతో పట్టుకుని, రీలు మార్చే గుర్తు కోసం రెప్ప వేయకుండా తెరకేసి చూస్తూ.