తెర ఆరినప్పుడల్లా

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా అనకాపల్లి వైపు అమ్మలక్కలు చెప్పుకునే కథలకి పడీపడీ నవ్వేదాన్ని. ఇంటర్ తప్పినదాన్నే గానీ, వైరు లూజయితే లైటు ఆరుతుందన్న జ్ఞానం నాకూ ఉంది. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

ఢిల్లీ వైపు మా అన్నయ్యతో ఉంటున్నాను. అన్నయ్య నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో మెకానిక్. నేను నోయిడాలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. తెలుగువాళ్ల ఫ్రిజ్జులు పాడైతే ఆ ఫోన్లు నాకొస్తాయి. రోజంతా చెవులు రెండూ మూసేసే హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉండాలి. పక్కన పిడుగు పడినా వినపడదు.

అప్పుడు మయూర్ విహార్‌లో ఉండేవాళ్లం. రెండో అంతస్తులో పక్కపక్కనే రెండు వాటాలు, మధ్యలో ఒకటే గోడ. అవతలి వాటాలో సునీత దీదీ, ఆవిడ భర్త ఉండేవాళ్లు. దీదీది మీరట్. నాకు రొట్టెలు గుండ్రంగా ఒత్తడం నేర్పింది ఆవిడే. భర్త మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో నా మానిటర్ దానంతటదే ఆరిపోవడం మొదలుపెట్టింది. మొదటిసారి ఎవరో ఆవిడ ఫ్రిజ్ కింద నీళ్లు కారుతున్నాయని చెబుతోంది. తెర నల్లగా అయిపోయింది. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది, చెవిలో ఆవిడ గొంతూ వస్తూనే ఉంది. ఫోన్ హోల్డ్‌లో పెట్టి, హెడ్‌ఫోన్స్ తీసి, వైరు కదుపుదామని టేబుల్ కిందికి దూరాను.

అప్పుడు గోడ అవతల నుంచి వినపడింది. బెల్టు దెబ్బ. తర్వాత తల గోడకి కొట్టుకున్న చప్పుడు, దీదీ మూలుగు. నేను పైకి లేచేసరికి తెర వెలిగి ఉంది.

ఆ తర్వాత ఎప్పుడు తెర ఆరినా ఇదే వరస. హెడ్‌ఫోన్స్ తీస్తే చాలు, అవతల వాడు కొడుతూ ఉండేవాడు. మర్నాడు దీదీ చిట్లిన పెదవితో కనపడి బాత్రూంలో జారానని చెప్పేది.

ఇంటి ఓనరావిడకి చెప్పాను. మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు బేటా అంది. ఒకసారి నేనే వెళ్లి తలుపు కొట్టాను. వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నవ్వుతూ, టీవీ సౌండు అన్నాడు. నేను వెనక్కి రాగానే ఆవిణ్ణి రెట్టింపు కొట్టాడు. మర్నాడు మెట్ల మీద దీదీ నా చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ తలుపు కొట్టకు చెల్లీ. నువ్వు కొడితే ఆ కోపం కూడా నా మీదే తీర్చుకుంటాడు."

అది హిందీలోనే అంది. నాకు మాత్రం మా అమ్మ అన్నట్టు వినపడింది.

ఇక మానిటర్ సంగతి. అన్నయ్య వైర్లన్నీ మార్చాడు. కాసేపటికి తెర ఆరిపోయే సెట్టింగ్ ఏదో ఉంటుందట, అదీ తీసేశాడు. పక్క గది నుంచి వేరే లైను లాగాడు. షాపుకి తీసుకెళ్లి రోజులతరబడి నడిపి చూస్తే ఒక్కసారీ ఆరలేదు.

"దీనికి ఏ రోగమూ లేదే. నీ మొహం చూళ్లేక కళ్లు మూసుకుంటోంది," అన్నాడు.

షాపు నుంచి ఇంకో మానిటర్ తెచ్చి పెడితే అదీ అలాగే ఆరింది. అన్నయ్య నవ్వడం మానేసి పాతదే మళ్లీ బిగించాడు.

తర్వాత ఒక రోజు మధ్యాహ్నం మళ్లీ ఆరింది. గబుక్కున హెడ్‌ఫోన్స్ తీశాను. ఏ చప్పుడూ లేదు. హమ్మయ్య, ఇది ఉత్త వైరు గొడవే అనుకున్నాను. తెర వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది, ఆరింది. విసుగొచ్చి మానిటర్ ప్లగ్గు పూర్తిగా పీకేశాను.

ప్లగ్గు నా చేతిలో ఉంది. తెర తెల్లగా వెలిగింది.

అప్పుడు వినపడింది, గోడకి అవతల కింది వైపు, మడమలు తన్నుకుంటున్న చప్పుడు. టక్ టక్‌మని, అంతలోనే నెమ్మదిస్తూ.

తలుపు కొట్టలేదు. వెనక బాల్కనీలో రెండు వాటాల మధ్య నడుమెత్తు గోడే ఉంటుంది. అది దూకి వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. పెనం మీద రొట్టె మాడుతోంది. గదిలో వాడు దీదీ గుండెల మీద కూర్చుని, ఆవిడ చున్నీతోనే మెడ బిగిస్తున్నాడు. ఆవిడ మొహం నల్లబడిపోయింది. కాళ్లు కదలడం ఆగిపోతోంది.

స్టవ్ మీది పెనం తీసి వాడి తల మీద కొట్టాను. వాడు నా వైపు తిరిగాడు. మొహం మీద కొట్టాను. ముక్కు ఎముక విరగడం నా చేతికి తెలిసింది. రక్తం నా మొహం మీద చింది, ఉప్పగా పెదాలకి తగిలింది. వాడు నా జుట్టు పట్టుకుని నేలకేసి కొట్టబోయాడు. వాడు పడేదాకా కొడుతూనే ఉన్నాను. పెనం పిడికి నా అరచేతి తోలు అంటుకుపోయిందని తర్వాతెప్పుడో తెలిసింది.

ముడి ఊడదీస్తే దీదీకి ఊపిరి అందింది. చిరిగిన గుడ్డలోంచి గాలి లాగినట్టు ఆ శబ్దం ఇంకా నా చెవిలో ఉంది. వాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు. అన్నయ్య పరిగెత్తుకుంటూ వచ్చి, నిన్నూ చంపేసుండేవాడే పిచ్చిదానా అని తిట్టి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

దీదీ ఇప్పుడు మీరట్‌లో అక్క దగ్గర ఉంది. బొంగురు గొంతుతో ఫోన్ చేస్తుంది. నా అరచేతిలో మచ్చ అలాగే ఉంది. అన్నయ్య ఆ మానిటర్ విప్పి ఒక్కో ముక్కా చూశాడు, ఏ లోపమూ దొరకలేదు. కంగారులో వేరే ప్లగ్గు పీకి ఉంటావంటాడు. కాదు. అప్పుడేం జరిగిందో చెప్పమంటే నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇల్లు మారి నోయిడా వచ్చేశాం. అదే మానిటర్, ఇక్కడికొచ్చాక కొన్నాళ్లు ఒక్కసారీ ఆరలేదు.

మొన్న మధ్యాహ్నం ఆరింది.

వైర్ల జోలికి పోలేదు. హెడ్‌ఫోన్స్ తీసి గోడకి చెవి పెట్టాను. అవతల దెబ్బల చప్పుడు. పక్కింటివాళ్ల పేర్లు కూడా నాకింకా తెలియవు. తలుపు కొడితే ఏమవుతుందో మాత్రం తెలుసు. అందుకే ముందు వంటింట్లోకి వెళ్లి పెనం తీసుకున్నాను.